కీర్తన 40:1లో ‘కనిపెట్టుకొంటిని’ అంటే ఏంటండీ?

అందరికీ వందనాలు. ఆదివారం సండేస్కూల్లో పిల్లలకి బైబిల్లో దావీదు రాసిన 40వ కీర్తన మొదటి వచనం నేర్పిస్తున్నా, ‘యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని’ అని. ఐదో క్లాసు బాబు ఒకడు లేచి, టీచర్, కనిపెట్టేది సైంటిస్టులు కదా, దావీదు దేవుణ్ణి ఎలా కనిపెట్టాడు అన్నాడు. వెయిట్ చేశాడని అర్థం నాన్నా అని చెప్పేశా గానీ నాకే తృప్తిగా లేదు. ఎదురుచూశాను అనొచ్చు కదా, ఈ మాటే ఎందుకు వాడినట్టు?

— అక్కా, అది పాత తెలుగు. ఎదురుచూశాను అని మార్చి చెప్పేయండి, మా యూత్ మీటింగులో మేం అలాగే చెప్తాం.

— తమ్ముడూ, మార్చొద్దయ్యా, ఆ మాటలో చాలా ఉంది. మా అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్తూ ‘కాస్త కనిపెట్టుకుని ఉండు’ అనేది, అంటే పాలు ఎప్పుడు పొంగుతాయో తెలీదు, పొంగడం మాత్రం ఖాయం, అందాకా గిన్నె మీంచి చూపు తీయొద్దని. కళ్లం దగ్గర ధాన్యాన్ని కనిపెట్టుకుని ఉంటాం, బాలింతని కనిపెట్టుకుని ఉంటాం. ఎదురుచూడటం అంటే దూరంగా దారి వైపు చూడటం, కనిపెట్టుకుని ఉండటం అంటే దగ్గరే ఉండి కన్ను వేసి ఉంచడం, నాకు తెలిసిన తేడా అది. కీర్తనల మూలభాష హీబ్రూలో ఇక్కడ ఒకే క్రియని రెండుసార్లు అన్నారు, మనం ‘చూసీ చూసీ’ అంటామే అలాగన్నమాట, మనవాళ్లు దాన్ని ‘సహనముతో’ అని తెచ్చారు. యెషయా 40:31లో కూడా హీబ్రూ మాట అదే, కానీ అక్కడ తెలుగులో ‘ఎదురు చూచువారు’ అని పెట్టారు, కాబట్టి టీచర్ గారూ మీరు పిల్లాడికి చెప్పింది తప్పేం కాదు. కానీ 130వ కీర్తన చూడండి, కావలివారు ఉదయం కోసం కనిపెట్టే దానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అంటాడు ఆ కీర్తన రాసినాయన, ఆ మాటే రెండోసారి కూడా అంటాడు. కావలివాడికి తెల్లారుతుందా లేదా అన్న అనుమానం ఉండదు, ఈ చీకటి ఇంకెంతసేపు అన్నదే బాధ, మన బాధా అదే కదా. బైబిల్ మిషన్ అనే మన తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లు ఇప్పటికీ ‘సన్నిధిలో కనిపెట్టడం’ అంటారు, అడగాల్సినవి అడిగేశాక మాట ఆపి మౌనంగా కూర్చుంటారు, ఆ కూర్చోవడానికి ‘వెయిటింగ్’ అన్న మాట నాకెందుకో చాలదనిపిస్తుంది.

— అన్నా, పాలగిన్నె పోలిక చాలా బావుంది. కానీ ఎంత చూసినా పొంగకపోతే? మూడేళ్లుగా ఒక విషయం కోసం ప్రార్థన చేస్తున్నాను, ఏ జవాబూ లేదు, అందుకే అడుగుతున్నా.

— దానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ, ఉన్నట్టు మాట్లాడితే అబద్ధమవుద్ది. కానీ ఒకటి చెప్తా. మా నాన్నని ఐసీయూలో పెట్టినప్పుడు అమ్మ పదకొండు రోజులు ఆ వరండాలోనే ఉంది, పేపరు పరుచుకుని, పక్కన ఫ్లాస్కు, తలుపు చప్పుడైతే చాలు లేచి నిలబడేది. లోపలికి రోజుకి ఒక్కసారే పంపేవాళ్లు. ఆరో రోజో ఏడో రోజో నాకు ఓపిక పోయి, నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తావమ్మా, ఇంటికెళ్లి పడుకో, లోపల రాత్రంతా నాన్నని కనిపెట్టుకుని ఉండేది నువ్వు కాదుగా అని విసుక్కున్నా. అమ్మ నన్ను కోప్పడలేదు. ‘ఆయన్ని దేవుడు కనిపెట్టుకుని ఉన్నాడ్రా, నేను దేవుణ్ణి కనిపెట్టుకుని ఉన్నా’ అంది. మళ్లీ తలుపు వైపు తిరిగి కూర్చుంది.

— వచ్చే ఆదివారం ఆ బాబుకి ముందు పాలగిన్నె సంగతి చెప్తానండీ.