గుండు, గంధం తర్వాత నాన్న చెవి మిషను పలకడం లేదు, ఇంట్లో శుభ్రం చేసుకునేవాళ్ళు చెప్పండి

అలిపిరి అబ్బాయి:
మా నాన్నకు 74. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండు చెవులకూ మిషన్లు పెట్టించి ఏడాదిన్నర అయింది. చెవి వెనక చిన్న బాడీ, దాన్నుంచి సన్న తీగ, చివర చెవిలోకి వెళ్ళే రబ్బరు గొడుగు, ఆ రకం. 312 బ్యాటరీ. పోయిన వారం కొండకు వెళ్ళి గుండు చేయించుకున్నారు. కల్యాణకట్టలో మిషన్లు తీయించి నా దగ్గరే పెట్టుకున్నాను, అంతవరకు బాగానే ఉంది. స్నానం చేసి గుండుకు గంధం పూసుకుని, అది ఆరకముందే తగిలించేసుకున్నారు. మరుసటి రోజు నుంచి కుడి పక్క అసలు వినబడటం లేదు. ఎడమ పక్క బావిలోంచి మాట్లాడినట్టు ఉందంటారు. శానిటైజర్ అద్దిన దూదితో తుడిచాను, తేడా లేదు. ఒక అంగడిలో చూపిస్తే మూత కూడా తీయకుండానే ‘రిసీవర్లు (తీగ కొసన ఉండే చిన్న స్పీకర్లు) పోయినాయి, రెండూ మార్చాల’ అన్నాడు, ఎనిమిది వేలు చెప్పాడు. డబ్బు కట్టే ముందు ఇంట్లో చూసుకోదగ్గవి ఏమైనా ఉన్నాయా? టీవీ మోతకు పక్కింటోళ్ళు కూడా వార్తలు వినేస్తున్నారు.

పలమనేరు టీచరమ్మ:
తమ్ముడూ, ముందు ఆ శానిటైజర్ దూరంగా పెట్టు. స్పిరిట్, తడి టిష్యూ, ఏదీ మిషను బాడీకి తగలకూడదు. పైపూత పోతుంది, మైకు రంధ్రాల్లోంచి లోపలికి కూడా దిగుతుంది. పొడి మెత్తటి గుడ్డ, డబ్బాలో ఇచ్చిన చిన్న బ్రష్ చాలు. నేను పదకొండేళ్ళుగా పెట్టుకుంటున్నాను. మొదటి జతను శుభ్రం పేరుతో తుడిచి తుడిచి నేనే పాడు చేసుకున్నాను.

బ్రష్ పొద్దున వాడాలి. రాత్రి తీసేసరికి గుబిలి జిగటగా ఉంటుంది, రుద్దితే రంధ్రంలోకి ఇంకా దిగుతుంది. తెల్లారేసరికి ఎండిపోయి పొడిలా రాలుతుంది. రుద్దేటప్పుడు రంధ్రం నేలవైపు ఉండాలి, లేకపోతే రాలిందంతా మళ్ళీ లోపలికే. నాకీ సంగతి అంగడిలో ఎవరూ చెప్పలేదు, మా మనవడు చూసి ‘అవ్వా, తలకిందులుగా పట్టుకో’ అన్నాడు. ఏడో తరగతి పిల్లోడు.

తలకు నూనె, పౌడరు, బొట్టు, పూలు అన్నీ అయ్యాకే మిషను. గంధానికీ ఇదే వర్తిస్తుంది, స్వామివారిదైనా సరే.

చెవి డాక్టరమ్మను కాను:
ఆడియాలజీ చదివి వినికిడి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను, సొంతూరు చిత్తూరు. మిషను చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, రెండు పక్కలా రిసీవర్లు ఒకేసారి పోవడం అరుదు.

మొదట కొత్త బ్యాటరీ వేయండి. స్టిక్కర్ పీకిన వెంటనే వేయకుండా ఒకటి రెండు నిమిషాలు బల్ల మీద పెట్టండి. ఇవి జింక్ ఎయిర్ బ్యాటరీలు, గాలిలోని ఆక్సిజన్ లోపలికి వెళ్తేనే పూర్తి శక్తి వస్తుంది. ఒకసారి పీకాక స్టిక్కర్ మళ్ళీ అంటించినా అరగడం ఆగదు.

తర్వాత మిషను ఆన్ చేసి గుప్పిట్లో మూసి చెవి దగ్గర పెట్టుకోండి. కుయ్‌మని ఈల వస్తే శబ్దం బయటికి వస్తున్నట్టే. ఈల రాకపోతే రబ్బరు గొడుగు తీసి, రిసీవర్ కొసన చిన్న తెల్ల బిళ్ళలాంటి ఫిల్టర్ ఉందేమో చూడండి. దాన్ని వ్యాక్స్ గార్డ్ అంటారు. అది పసుపుగా, గోధుమగా మారి మూసుకుపోయి ఉంటే మీ కుడి పక్క సంగతి చాలావరకు తేలినట్టే. మిషనుతో ఇచ్చిన డబ్బాలో చిన్న పుల్లలు ఉంటాయి. ఒక కొసకు పాతది పీకే కొక్కెం, రెండో కొసకు కొత్త ఫిల్టర్. నొక్కి పీకడం, పుల్ల తిప్పి కొత్తది నొక్కడం, అంతే పని. పాతదాన్ని సూదితో గీకి మళ్ళీ వాడొద్దు. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి ఫిల్టర్లు వేరు, పక్కింటి తాతగారిది పట్టదు.

ఎడమ పక్కకు మైకు చూడండి. బాడీ పైభాగాన కంటికి ఆనీ ఆననట్టు రెండు రంధ్రాలుంటాయి. గంధం ఆరితే అక్కడ పిండిలా కూర్చుంటుంది. పొడి బ్రష్‌తో బయటికి దులపండి, పిన్నీసు మాత్రం పెట్టకండి.

రబ్బరు గొడుగు మళ్ళీ తొడిగాక గట్టిగా ఉందో లేదో లాగి చూడండి. వదులుగా ఉంటే చెవిలోనే ఉండిపోతుంది. అలా జరిగితే ఇంట్లో ఎవరూ వేలు పెట్టొద్దు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికే. అసలు నాన్నగారి చెవులు కూడా ఒకసారి చూపించండి. చెవి నిండా గుబిలి పెట్టుకుని మిషను ఎంత శుభ్రం చేసినా లాభం లేదు.

నగరి మరమగ్గం:
ముప్పై ఏళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేస్తే చెవులు మిగలవు అన్నా. నాది క్యాంపులో ఇచ్చిన చెవి వెనక మిషను, చెవి కొలతకు పోసిన అచ్చు, దాన్ని మిషనుకు కలిపే ట్యూబు, 13 బ్యాటరీ. మా దగ్గర గంధం కాదు, దూది నుసి. సాయంత్రానికి మైకు మీద బూజు పట్టినట్టు పేరుకుంటుంది. మధ్యాన్నం కూటికి వచ్చినప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి దులుపుకుంటా.

అచ్చు ఉన్నోళ్ళకు ఒక సౌకర్యం ఉంది, అచ్చును కడగొచ్చు. కానీ ట్యూబు మిషనులోంచి ఊడదీశాకే. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, కడిగాక రబ్బరు బుడ్డితో ట్యూబులోకి గాలి కొట్టాల. నోటితో ఊదొద్దు, నోటి తడి లోపలికి పోతాది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున తగిలించుకోవాల. ఒక చుక్క నీళ్ళు ట్యూబులో నిలిచినా మాట ఆగిపోతుంది. ట్యూబు గట్టిపడి పసుపుగా అయితే కొన్ని నెలలకొకసారి మార్పించాల, లేకుంటే ఈల వేస్తుంది.

కడిగి తగిలించేటప్పుడు కుడి ఎడమ తారుమారు చేసినా ఒకసారి. ఎర్ర గుర్తు కుడి, నీలం గుర్తు ఎడమ.

మెట్లదారి:
నడకదారి వాళ్ళ కోసం ఒక మాట. నెలకొకసారి అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కుతాను. మోకాళ్ళ పర్వతం వచ్చేసరికి చెమట చెవి వెనకనుంచి ధారగా కారుతుంది. ఇప్పుడు తలకు గుడ్డ పట్టీ కట్టుకుని, మిషను తీసి మూతగట్టి డబ్బాలో వేసుకుంటున్నాను. పక్కన ఉన్నవాళ్ళ గోవింద నామాలు వినబడవని బాధే, కానీ రెండుసార్లు బ్యాటరీ అర దగ్గర పచ్చగా చిలుము పట్టింది, అందుకని. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి పెట్టండి, తడి ఆరుతుంది.

తేమ తగలకుండా మా అమ్మ బియ్యం డబ్బాలో వేసింది. పని చేస్తుందా?

చెవి డాక్టరమ్మను కాను:
బియ్యం వద్దండీ. తవుడు, పిండి రంధ్రాల్లోకి పోతాయి. సిలికా జెల్ గుళికల డబ్బా కొనుక్కోండి, రాత్రి బ్యాటరీ తీసేసి మిషను అందులో పెట్టి మూత బిగించండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానల్లో ఇది తప్పనిసరి. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే, నీలం రంగువి గులాబీగా మారితే తేమ నిండినట్టు. ఆరబెట్టాలని మిషనును ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం చేయొద్దు.

చిత్తూరు మామిడి:
నేను ఆ నీలం గుళికలను దోసె పెనం మీద వేపించి మళ్ళీ వాడుతున్నాను. మళ్ళీ నీలంగా వస్తాయి.

చెవి డాక్టరమ్మను కాను:
అయ్యో, ఆ నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం. ఆ పెనం మీద దోసెలు పోయకండి. వేరే పాత్ర పెట్టుకోండి, లేదా నారింజ రంగువి తెచ్చుకోండి.

చిత్తూరు మామిడి:
పెనం పారేశాను. మా ఆవిడకు కారణం ఇంకా చెప్పలేదు.

కుప్పం అమ్మ:
మా పాపకు నాలుగేళ్ళు, రెండు చెవులకూ మిషన్లే. పిల్ల ‘వినబడలేదు’ అని చెప్పలేదు కదా, అందుకే రోజూ పొద్దున మిషన్లు బ్రష్‌తో దులిపి పెట్టాక వెనక నిలబడి ‘ఆ, ఊ, ఈ, ష్, స్, మ్’ ఒక్కొక్కటే పలుకుతాను. లింగ్ ఆరు శబ్దాలంటారు వీటిని. వినబడిన ప్రతిసారీ చింతగింజ గిన్నెలో వేస్తుంది. ఒకరోజు ‘స్’కు గింజ వేయలేదు. చూస్తే ట్యూబులో చెమట. పెద్దవాళ్ళకు కూడా ఇది చేసి చూడండి, సిగ్గుపడి నిజం చెప్పనివాళ్ళు దొరికిపోతారు.

పిల్లలుండే ఇళ్ళలో బ్యాటరీలు అల్మారా పైన పెట్టండి, పాతవి కూడా. మింగితే గొంతు, పేగు కాలిపోతాయి, తెల్లారే దాకా చూద్దాం అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలి. మిషను బ్యాటరీ తలుపుకు తాళం ఉండే రకం అడిగితే ఇస్తారు.

అలిపిరి అబ్బాయి:
అందరికీ దండాలు. నిన్న పొద్దున కూర్చుని చూశాం. కుడి పక్క ఫిల్టర్ గోధుమ రంగు ముద్దలా అయిపోయింది. ఏడాదిన్నరగా ఒక్కసారీ మార్చలేదు, పుల్లల డబ్బా సీలు కూడా విప్పలేదు, తప్పు మాదే. కొత్తది నొక్కగానే గుప్పిట్లో ఈల వచ్చింది. నాన్న పెట్టుకుని మొదట అన్న మాట, ‘ఆ ఫ్యాన్ ఎందుకంత కీచుమంటోంది, నూనె వేయించు.’

ఎడమది బ్రష్ చేశాక సగం మెరుగైంది, పూర్తిగా కాలేదు. నా శానిటైజర్ పనే అనుకుంటున్నాను. కొన్న చోటికే పంపిస్తే మైకు మార్చాల్సి రావచ్చన్నారు, రెండు వారాలట. ఇప్పటికి కుడిదాంతోనే గడుస్తోంది. నాన్న క్యాలెండర్‌లో బ్యాటరీ వేసిన తారీఖు, ఫిల్టర్ మార్చిన తారీఖు రాస్తున్నారు, టికెట్ల లెక్క చూసుకున్నంత శ్రద్ధగా. గంధం డబ్బా మాత్రం అమ్మ దాచిపెట్టేసింది.

పలమనేరు టీచరమ్మ:
ఎడమది తిరిగొచ్చాక ఎలా ఉందో రాయి తమ్ముడూ. రబ్బరు గొడుగులు కూడా ఏడాదిన్నర పాతవే అయ్యుంటాయి, పనిలో పనిగా అవీ మార్పించు.