1,391 మ్యాచ్‌లు, బ్రెజిల్ సీనియర్ జట్టుకు సున్నా: ఫాబియోను ఎక్కడ నిలబెట్టాలి?

వేకువ ప్రేక్షకుడు:
2025 ఆగస్టు 19న రియోలోని మారకానా మైదానంలో బ్రెజిల్ క్లబ్ ఫ్లుమినెన్స్ 2-0తో కొలంబియా క్లబ్ అమెరికా దె కాలిని ఓడించింది. ఫ్లుమినెన్స్ గోల్‌కీపర్ ఫాబియోకు అది 1,391వ మ్యాచ్. ఇంగ్లండ్ గోల్‌కీపర్ పీటర్ షిల్టన్ పేరిట ఏళ్ల తరబడి ఉన్న 1,390 మ్యాచ్‌ల ప్రపంచ రికార్డును ఆ రాత్రి 44 ఏళ్ల వయసులో దాటేశాడు. అప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకే ఎత్తిపొడుపు: "ఎన్ని ఆడితే ఏం లాభం, బ్రెజిల్ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు కదా!"

ఈ మాట నాకు మింగుడుపడదు. జట్టులో గోల్‌కీపర్ చోటు ఒక్కటే. ఫార్వర్డ్‌కు ఫామ్ లేకపోతే పక్కకు జరిపి వింగ్‌లో ఆడించవచ్చు, చివరి ఇరవై నిమిషాలకు దించవచ్చు. గోల్‌కీపర్‌కు అలాంటి సర్దుబాట్లు ఉండవు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పైగా బ్రెజిల్ క్లబ్బుల్లో కోచ్‌లు నెలల వ్యవధిలో మారిపోతుంటారు. వచ్చిన ప్రతి కోచ్‌కూ ఫాబియోను పక్కన పెట్టే అధికారం ఉంది. అయినా యూనియావో బందెయిరాంతెకు 30, వాస్కో ద గామాకు 150, క్రుజెయిరోకు 976, ఫ్లుమినెన్స్‌కు 235 మ్యాచ్‌లు ఆడాడు. ఒకరి తర్వాత ఒకరుగా అంతమంది కోచ్‌లు ఒకే మనిషిని ఎంచుకున్నారంటే అంతకంటే పెద్ద తీర్పు ఏముంటుంది? నా లెక్కలో షిల్టన్ పక్కన నిలబెట్టదగిన వాడే.

కార్నర్ జెండా:
వేకువ గారూ, మీ అభిమానాన్ని కాదనను. కానీ షిల్టన్ పక్కన అనడం మాత్రం మరీ ఎక్కువ. ఇంగ్లండ్‌కు 125 మ్యాచ్‌లు ఆడిన మనిషి ఆయన. 1990 ప్రపంచకప్ సెమీఫైనల్ 40 ఏళ్ల వయసులో ఆడాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో 1979లో, 1980లో వరుసగా యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ యూరోపియన్ కప్ గెలిచాడు.

ఇక ఆ 1,391లో రాష్ట్ర చాంపియన్‌షిప్ మ్యాచ్‌లు ఎన్ని ఉంటాయో ఆలోచించారా? ఏడాది మొదట్లో పెద్ద క్లబ్బులన్నీ సొంత రాష్ట్రంలోని చిన్న క్లబ్బులతో ఆడతాయి. చాలా మ్యాచ్‌లలో గోల్‌కీపర్‌కు చేతితొడుగులు తడిసే అవసరం కూడా రాదు. ఇరవై ఏళ్లకు పైగా అవన్నీ కూడితే వందల్లోకి వెళ్తుంది.

మధ్యగీత:
లెక్కల సంగతి వస్తే రెండు వైపులా చూడాలి. షిల్టన్ తన మ్యాచ్‌లు 1,387 అని చెప్పుకున్నారు. గిన్నిస్ వారు 1,390 అన్నారు. ఆ మొత్తంలో అండర్-23 మ్యాచ్‌లు 13 ఉన్నాయి. అయితే జెండా గారి మాటలోనూ నిజం ఉంది. ఆ 13 తీసేస్తే షిల్టన్ మొత్తం పెద్దగా కదలదు, రాష్ట్ర మ్యాచ్‌లు తీసేస్తే మాత్రం ఫాబియో మొత్తం బాగా కిందికి దిగుతుంది. రికార్డు ఎవరిదన్న వాదన పక్కన పెట్టి, మనిషి ఎలా ఆడాడో మాట్లాడుకుందాం.

సావో పాలో అభిమాని:
ఎలా ఆడాడో మాట్లాడాలంటే ముందు మా సావో పాలో గోల్‌కీపర్ రొజేరియో సెనీ పేరు రావాలి. ఒకే క్లబ్బుకు 1,237 మ్యాచ్‌లు. ఫ్రీకిక్‌లు, పెనాల్టీలతో 131 గోల్స్! 2005 డిసెంబరులో యోకొహామాలో లివర్‌పూల్‌తో క్లబ్ ప్రపంచకప్ ఫైనల్ చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లివర్‌పూల్ ఆటగాడు జెరార్డ్ ఫ్రీకిక్‌ను సెనీ ఆపిన తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. గోల్‌కీపర్ చేయగల పనుల హద్దునే సెనీ జరిపాడు. ఫాబియో బాగా ఆడాడు, చాలా కాలం ఆడాడు. ఆటకు కొత్తగా చేర్చింది ఏమిటి?

వేకువ ప్రేక్షకుడు:
సెనీ గొప్పతనం మీద నాకు పేచీ లేదు. కానీ గోల్స్ చేయడాన్ని గోల్‌కీపర్‌కు కొలమానంగా పెట్టుకుంటే ప్రపంచంలో ఇద్దరు ముగ్గురే మిగులుతారు. గోల్‌కీపర్ అసలు పని ఆపడం.

ఫాబియో క్రుజెయిరోలో ఉన్నప్పటి 2017 కోపా దో బ్రజీల్ (బ్రెజిల్ జాతీయ కప్పు) ఫైనల్ పెనాల్టీ షూటౌట్ గుర్తు చేసుకోండి. బెలో హొరిజాంటేలోని మినెయిరావ్ మైదానం, ఎదురుగా ఫ్లమెంగో. వాళ్ల గోల్‌కీపర్ మురాల్యా ప్రతి పెనాల్టీకీ ఒకే వైపు దూకాడు, క్రుజెయిరో వాళ్లు ఐదింటికి ఐదూ కొట్టారు. ఇటు ఫ్లమెంగో ఆటగాడు దియెగో కొట్టిన బంతిని ఫాబియో ఆపాడు, కప్పు అక్కడే తేలిపోయింది. మరుసటి ఏడాది అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో శాంటోస్ మూడు పెనాల్టీలు కొడితే మూడూ ఆపేశాడు. వాళ్లు ఒక్కటంటే ఒక్క గోల్ చేయలేకపోయారు. వాటిలో ఒకటి రొద్రీగో కొట్టింది, ఇప్పుడు రియల్ మాడ్రిడ్‌లో ఉన్నాడే, అతడే. ఆ ఏడాది కూడా క్రుజెయిరో కప్పు నిలబెట్టుకుంది. ఇవేవీ చిన్న క్లబ్బులతో ఆడినవి కావు, జెండా గారూ.

కార్నర్ జెండా:
మంచివి చెప్పారు. 2007 మినెయిరో (క్రుజెయిరో ఆడే రాష్ట్ర చాంపియన్‌షిప్) ఫైనల్ తొలి మ్యాచ్ ఎందుకు వదిలేశారు? అట్లెటికో మినెయిరో చేతిలో 4-0 ఓటమి. ఆట నడుస్తుండగా ఫాబియో మైదానానికి వీపు తిప్పి ఉన్నాడు, వెనక నుంచి వాండర్లెయి బంతిని వలలోకి పంపాడు! చిరకాల ప్రత్యర్థి అభిమానులు ఇన్నేళ్లయినా ఆ గోల్‌ను మరచిపోనివ్వరు. 2009లో దక్షిణ అమెరికా క్లబ్బుల అతిపెద్ద టోర్నీ లిబర్టడోరెస్ ఫైనల్లో కూడా సొంత మైదానంలో 1-0 ఆధిక్యం చేజారి అర్జెంటీనా క్లబ్ ఎస్తూదియాంతెస్ చేతిలో 2-1తో ఓడిపోయారు.

వేకువ ప్రేక్షకుడు:
2009 ఓటమిని గోల్‌కీపర్ ఒక్కడి మీద వేయడం న్యాయం కాదు. 2007 గోల్ మాత్రం ఘోరమే, సందేహం లేదు. అలాంటిది పడ్డాక క్లబ్బు అమ్మేసుకునేది, లేదా మనిషే ఊరు వదిలి వెళ్లిపోయేవాడు. ఇతడు అదే నగరంలో, అదే అభిమానుల ముందు మరో 14 ఏళ్లు నిలబడ్డాడు. 2013, 2014లో వరుసగా జాతీయ లీగ్ గెలిపించాడు. 2019లో క్లబ్బు చరిత్రలో మొదటిసారి రెండో డివిజన్‌కు పడిపోతే, 39 ఏళ్ల వయసులో కూడా వదిలిపెట్టలేదు. 2022 జనవరిలో కొత్త యాజమాన్యం ఇక వద్దంది. వెయ్యికి 24 మ్యాచ్‌ల దూరంలో పంపించేశారు! అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మధ్యగీత:
నన్ను ఒప్పించింది ఆ తర్వాతి కథే. ఫ్లుమినెన్స్‌లో అప్పటి కోచ్ ఫెర్నాండో దినీజ్ ఆట సొంత గోల్ ముందు నుంచి మొదలయ్యేది. ప్రత్యర్థి ఫార్వర్డ్ మీదికి వస్తున్నా గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నకూడదు. కాలికింద పెట్టుకుని, అతణ్ని ఇంకా దగ్గరికి రానిచ్చి, పక్కనున్న డిఫెండర్‌కు చిన్న పాస్ ఇవ్వాలి. ఒక్క అడుగు తప్పితే గోల్ పోయినట్టే. చేతులతో పేరు తెచ్చుకున్న మనిషి నలభై దాటాక ఆ పని నేర్చుకుని, 2023 నవంబరు 4న మారకానాలో అర్జెంటీనా క్లబ్ బోకా జూనియర్స్‌పై లిబర్టడోరెస్ గెలిచిన జట్టుకు గోల్‌కీపర్‌గా నిలిచాడు. 2025 క్లబ్ ప్రపంచకప్‌లో యూరప్ పెద్ద క్లబ్బులు డార్ట్‌మండ్‌కు, ఇంటర్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. కేవలం ఒంట్లో ఓపిక ఉండి సాగిన కెరీర్ అయితే ఇలా ఉండదు.

సావో పాలో అభిమాని:
సరే, మరి జాతీయ జట్టు? 1997లో ఈజిప్టులో అండర్-17 ప్రపంచకప్ గెలిచిన జట్టులో రొనాల్డీన్యోతో కలిసి ఆడాడు. తర్వాత సీనియర్ జట్టుకు పిలుపులు వచ్చినా మైదానంలోకి దిగలేదు. వరుసగా అందరు సెలెక్టర్లూ పొరపడ్డారంటారా?

వేకువ ప్రేక్షకుడు:
అందరూ అనను. దీదా, మార్కోస్, మీ సెనీ, జూలియో సీజర్ ఒకే కాలంలో ఉన్నప్పుడు ఎవరికైనా చోటు దొరకడం కష్టమే. నా అభ్యంతరమంతా 2014 ప్రపంచకప్ గురించి. అంతకు ముందటి సీజన్లో దేశ చాంపియన్ జట్టు గోల్‌కీపర్ ఫాబియో. బ్రెజిల్ కోచ్ స్కొలారి ఎంచుకున్న మొదటి గోల్‌కీపర్ జూలియో సీజర్ అప్పుడు రుణంపై టొరంటోలో, అమెరికా-కెనడా లీగ్‌లో ఆడుతున్నాడు. మిగతా రెండు చోట్లు జెఫర్సన్, విక్టర్‌లకు. విక్టర్ 2013లో అట్లెటికోకు లిబర్టడోరెస్ తెచ్చాడు, అతని ఎంపికను తప్పు పట్టను. కానీ ముగ్గురిలో కూడా ఫాబియోకు చోటు లేకపోవడం అన్యాయం. జర్మనీ చేతిలో 7-1 ఓటమి జరిగింది ఫాబియో ప్రతి వారం ఆడే మినెయిరావ్‌లోనే. అతడు ఉంటే గెలిచేవాళ్లని అనడం లేదు. ఆ సున్నాను అతని ఆటకు కొలతగా వాడొద్దు, అంతే నా వాదన.

కార్నర్ జెండా:
2014 విషయంలో మీతో ఏకీభవిస్తాను. జెఫర్సన్ చోటు ఫాబియోకు ఇవ్వాల్సింది. షిల్టన్ పక్కన మాత్రం ఇప్పటికీ పెట్టను. 125 మ్యాచ్‌లలో ప్రపంచకప్ ఒత్తిడి ఉంది, దానికి క్లబ్ మ్యాచ్‌లు ఎన్ని పోగేసినా సరిపోవు. బ్రెజిల్ క్లబ్ ఫుట్‌బాల్ వరకు అయితే సెనీ తర్వాత రెండో పేరు ఫాబియోదే అని రాసి ఇస్తాను.