అప్‌డేట్: ఉంగరంలో లోకం ఉండే ఆ పాత నవల దొరికింది

మైక్రోస్కోప్‌లో పెళ్లి ఉంగరం చూస్తుంటే లోపల ఒక అమ్మాయి కనపడుతుంది, హీరో మందు మింగి చిన్నగా అయిపోయి అందులోకి దిగుతాడు, పుస్తకానికి అట్ట లేదు, పేరేంటో చెప్పండి అని అడిగా కదా, దొరికేసింది! రే కమ్మింగ్స్ రాసిన 'ద గర్ల్ ఇన్ ద గోల్డెన్ ఆటమ్'. రచయిత పాత్రల్ని పేర్లతో కాకుండా కెమిస్ట్, డాక్టర్, బ్యాంకర్ అంటూ రాస్తాడా అని ఒకరు అడిగారు చూడండి, ఆ ప్రశ్నతోనే తేలిపోయింది. థాంక్యూ అండీ. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల సైట్‌లో ఫ్రీగానే ఉంది.

ఎక్కువమంది చెప్పిన 'ద డైమండ్ లెన్స్' ఇది కాదు, అది 1858 నాటి కథ, అందులో నీటిచుక్కలో అమ్మాయిని చూడ్డమే గానీ లోపలికి వెళ్లడం ఉండదు (కథ మాత్రం దీనికంటే బాగుంది, చదవండి).

సెకండాఫ్ వేరే కథలా అనిపించింది అన్నాను కదా, నిజంగానే వేరేదట! 1919లో ఆల్-స్టోరీ వీక్లీ అనే పత్రికలో మొదటి కథ వచ్చింది, మరుసటి ఏడాది సీక్వెల్ సీరియల్‌గా వచ్చింది, రెండూ కలిపి 1922లో నవలగా వేశారు. అందుకే ఆ అతుకు అంత స్పష్టంగా తెలుస్తుంది. పేజీల సంఖ్య, ఫాంట్ గురించి నేను రాసిన వివరాలేవీ పనికిరాలేదు, ఎడిషన్‌ని బట్టి మారిపోతాయి.