ఓఎంఆర్‌లో 18,000 అడుగుల ఆఫీసు: మూడు రకాల ఫ్లోరింగ్, ఒకే మట్టం. ప్లానింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

పెరుంగుడి_సైట్:
నమస్కారం అండి. చెన్నై ఓఎంఆర్‌లో (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) ఒక ఐటీ పార్కు ఐదో అంతస్తు ఫిట్-అవుట్ (లోపలి ఏర్పాట్ల) పని. ఓపెన్ ఆఫీసు 13,000 చదరపు అడుగులకు కార్పెట్ టైల్. మీటింగ్ రూములు, నడవాలకు 2,500 అడుగుల ఎల్‌వీటీ (వినైల్ పలకలు), గమ్‌తో అంటించే రకం. రిసెప్షన్, ప్యాంట్రీకి 2,500 అడుగుల విట్రిఫైడ్ టైల్, 600×1200 మి.మీ. సైజు. ఇప్పుడు ఒట్టి శ్లాబ్ మాత్రమే ఉంది. 50 మి.మీ. స్క్రీడ్ (ఫ్లోరింగ్ కింద వేసే సిమెంటు-ఇసుక పొర) సెప్టెంబరు మొదటి వారంలో వేయాలని, డిసెంబరు ఆఖరుకి హ్యాండోవర్ ఇవ్వాలని షెడ్యూల్. డ్రాయింగ్‌లో అన్నిచోట్లా ఫినిష్డ్ లెవెల్ +65 (శ్లాబ్ నుంచి 65 మి.మీ.) అని ఒకే అంకె ఇచ్చారు. స్క్రీడ్ కాంట్రాక్టరు అంతటా +50 వేసేస్తానంటున్నాడు. ఒప్పుకోవచ్చా? స్క్రీడ్‌కు ముందే తేల్చుకోవాల్సినవి ఇంకేమున్నాయి?

తాపీ_మట్టం:
ఒప్పుకోవద్దు. +65 అనేది పని పూర్తయ్యాక నేల ఉండాల్సిన మట్టం. మేస్త్రికి కావలసింది దాని కింది మట్టం, అది మూడుచోట్ల మూడు రకాలు. విట్రిఫైడ్ పలక 10, అడ్హెసివ్ 5, కలిపి 15 మి.మీ. కార్పెట్ టైల్ సుమారు 7. ఎల్‌వీటీ 3, దాని కింద సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట తానే పరుచుకుని చదునయ్యే సిమెంటు పూత) 3, కలిపి 6. అంటే స్క్రీడ్ పైమట్టం టైల్ దగ్గర +50, కార్పెట్ దగ్గర +58, ఎల్‌వీటీ దగ్గర +59 రావాలి. మీరు ఖరారు చేసిన శాంపిళ్ల అసలు మందం కొలిచి ఈ అంకెలు సరిచేసుకోండి. మూడు జోన్లకూ మూడు రంగులు వేయించి, ఒకే షీటు మీద ఆర్కిటెక్ట్ సంతకం తీసుకున్నాకే మేస్త్రిని దించండి.

అంతటా +50 వేస్తే ఏమవుతుందో చూడండి. సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి దాదాపు 1.7 కిలోలు పడుతుంది. కార్పెట్ ఏరియా 1,208 చ.మీ. దాన్ని 8 మి.మీ. లేపాలంటే 16 టన్నుల పైమాటే, 25 కిలోల బస్తాలు 657. అదే 8 మి.మీ. స్క్రీడ్‌లోనే పెంచితే అయ్యే ఖర్చు ఇందులో చాలా చిన్న వంతు.

స్క్రీడ్‌కు ముందు శ్లాబ్ మీద 3 మీటర్ల గ్రిడ్‌లో లెవెల్స్ తీయించండి. శ్లాబ్ ఎక్కడైనా 20 మి.మీ. ఉబ్బి ఉంటే అక్కడ మీ 58 కాస్తా 38 అవుతుంది. 38 మి.మీ. ఎత్తు రేస్‌వే (కేబుళ్లు వెళ్లే డక్ట్) ఆ దారిలోనే వెళ్తే దాని మీద స్క్రీడ్ అనేదే మిగలదు. పైన స్క్రీడ్ పలచబడిన చోట రేస్‌వే వెంబడే తిన్నగా పగులు వస్తుంది, ఎల్‌వీటీ మీద అది గీతలా పైకి కనిపిస్తుంది. గాజు తలుపులను మూసే ఫ్లోర్ స్ప్రింగులకు గుంతలు, ఫ్లోర్ బాక్సుల (నేలలో ప్లగ్ పాయింట్లుండే పెట్టెల) ఫ్రేములు కూడా ఇప్పుడే మార్క్ కావాలి. ఫర్నిచర్ లేఅవుట్ ఫ్రీజ్ కాకపోతే ఫ్లోర్ బాక్సులు ఎక్కడ వస్తాయో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ముందు దాని వెంట పడండి.

ఇంకొకటి. ప్రతి స్తంభం మీదా ఫినిష్డ్ లెవెల్ నుంచి సరిగ్గా 1 మీటరు ఎత్తున లేజర్‌తో ఒకే గీత కొట్టించండి. సీలింగ్, గ్లాస్ పార్టిషన్, తలుపుల వాళ్లందరూ దాని నుంచే కొలవాలి. ఎవరి గీత వాళ్లు గీసుకున్న సైట్లలో చివరికి తలుపు కింద అంచులు కోయడమే పని అవుతుంది.

తేమ_లెక్క:
మట్టం సంగతి పై ఆయన సరిగ్గా చెప్పారు. నన్ను భయపెడుతున్నది మీ తేదీలు. స్క్రీడ్ మంచి వాతావరణంలో కూడా 50 మి.మీ. వరకు రోజుకు 1 మి.మీ. చొప్పున ఆరుతుందని మోటు లెక్క, అదీ క్యూరింగ్ అయ్యాక. అంతకు మించిన మందం ఇంకా నెమ్మది. సెప్టెంబరు మొదట్లో 58 మి.మీ. వేస్తే నవంబరు మధ్య దాటుతుంది. చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. గాలిలోనే తేమ నిండి ఉంటే కిటికీలు తెరిచి పెట్టినా ఆరదు. అద్దాలన్నీ మూసి ఏసీ గానీ డీహ్యూమిడిఫయర్లు గానీ నడపాలి.

ప్లాస్టిక్ షీటు అతికించి చెమట పట్టిందా అని చూసే పరీక్షను నమ్మి కార్పెట్ వేయొద్దు, అది పైపొర సంగతే చెబుతుంది. రంధ్రం వేసి ప్రోబ్ దింపి సాపేక్ష ఆర్ద్రత (తేమ శాతం) చూసే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 2170 పద్ధతి చేయించండి. ఒకవైపు నుంచే ఆరే నేలకు మందంలో 40 శాతం లోతున కొలుస్తారు. మొదటి 1,000 అడుగులకు 3, ఆపైన ప్రతి 1,000కి ఒకటి చొప్పున, మీ కార్పెట్, ఎల్‌వీటీ ఏరియాకు 18 ప్రోబ్‌లు. రేస్‌వే దారులు నేల మీద గీసుకున్నాకే డ్రిల్ పెట్టించండి.

ఎంత వరకు ఓకే అనేది అడ్హెసివ్ డేటా షీటులో ఉంటుంది. 75 శాతం దగ్గరే ఆగిపోయేవి ఉన్నాయి, 85 దాకా తట్టుకునేవీ ఉన్నాయి. దాటితే రెండు భాగాల ఎపాక్సీ మాయిశ్చర్ బ్యారియర్ తప్పదు. అది సెల్ఫ్ లెవెలింగ్ కింద పడాలి, పైన కాదు. ఇప్పుడే బీఓక్యూలో (పనులు, పరిమాణాల జాబితాలో) విడి ఐటమ్‌గా రేటు తీసుకుని పెట్టుకోండి. నవంబరులో అడిగితే వాళ్లు చెప్పిందే రేటు. బ్యారియర్ లేకుండా తడి మీద వేస్తే కాంక్రీటు నుంచి వచ్చే క్షారం గమ్‌ను జిగటగా కరిగించేస్తుంది. కార్పెట్ పలకలు కాలికింద జారతాయి, గదంతా వాసన, చివరికి మొత్తం పీకి గీకాల్సిందే.

పెరుంగుడి_సైట్:
చాలా థాంక్స్ అండి, లెవెల్ షీటు ఆర్కిటెక్ట్‌ను అడుగుతున్నాను. టైల్స్ గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో, కార్పెట్ దిగుమతి. గూడ్స్ లిఫ్ట్ రాత్రిపూటే ఇస్తారు. క్వాంటిటీ, వరుస క్రమం గురించి కూడా చెప్పగలరా?

షోలింగ_ఫ్లోర్స్:
కార్పెట్ 50×50 సెం.మీ. అయితే చ.మీ.కు 4 పలకలు. 1,208 చ.మీ.కు 4,832, కటింగ్‌కు 5 శాతం కలిపితే 5,074. పెట్టెకు 20 వచ్చే బ్రాండ్ అయితే 254 పెట్టెలు. వీటికి పైన 2-3 శాతం స్పేర్ అదే డై లాట్‌లో (ఒకేసారి రంగు వేసిన సరుకులో) ఒకే ఆర్డరుగా తీసుకోండి. తర్వాత తెప్పిస్తే రంగు కలవదు. విట్రిఫైడ్ 232 చ.మీ., పలకకు 0.72 చ.మీ. చొప్పున 323 పలకలు, 8 శాతం కలిపి 349. అడ్హెసివ్ 5 మి.మీ. మందానికి చ.మీ.కు 8 కిలోల లెక్కన 20 కిలోల బస్తాలు 93.

సరుకంతా ఒకేచోట దించనివ్వకండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఆఫీసు శ్లాబ్ డిజైన్ లోడు చ.మీ.కు 250 నుంచి 400 కిలోలే. ఒక టన్ను టైల్ ప్యాలెట్ ఒక్క చదరపు మీటరులో పెడితే దానికి రెండున్నర నుంచి నాలుగింతలు. స్తంభాల చుట్టూ, బీముల మీద పరిచినట్టు పెట్టించండి. లిఫ్ట్ లోపలి కొలతకు 1200 మి.మీ. పొడవు టైల్ పెట్టె పడుతుందో లేదో ముందే చూసుకోండి.

వరుస విషయానికొస్తే, స్ప్రింక్లర్ పైపుల ప్రెజర్ టెస్టు అయ్యేదాకా కార్పెట్ పెట్టె విప్పొద్దు. ముందు టైల్, అది తేమ కోసం అంతగా ఆగనక్కర్లేదు. తర్వాత సీలింగ్ మూత, చివరి కోటు మినహా పెయింటు. ఆపైన ఎల్‌వీటీ, కార్పెట్, ఆ తర్వాతే వర్క్‌స్టేషన్లు. ఎల్‌వీటీకి 48 గంటల ముందు నుంచి, వేసిన 48 గంటల తర్వాత దాకా ఏసీ నడవాలి. చల్లగా వేసి ఏసీ ఆపేస్తే ఎండ పడే అద్దాల పక్కన పలకలు వ్యాకోచించి అంచులు లేస్తాయి. రాత్రి ఏసీకి బిల్డింగ్ వాళ్లు విడిగా డబ్బు అడుగుతారు, అది బడ్జెట్లో పెట్టుకోండి.

కార్పెట్ గమ్ రోలర్‌తో పూశాక తెలుపు పోయి పారదర్శకంగా మారేదాకా ఆగాలి. తెల్లగా ఉండగానే పలక వేస్తే అది శాశ్వతంగా అతుక్కుంటుంది, రేపు ఒక్క పలక మార్చాలన్నా చిరిగే వస్తుంది.

తాపీ_మట్టం:
టైల్ గురించి రెండు ముక్కలు కలుపుతాను. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించే పద్ధతి ఒప్పుకోకండి. కింద డొల్ల మిగిలి ప్యాంట్రీ ట్రాలీ చక్రం కింద పగులుతుంది. పళ్ల తాపీతో నేల మీద ఒకే దిశలో దువ్వి, పలక వెనక కూడా పలచగా పూయాలి. 6 నుంచి 7.5 మీటర్లకు ఒక మూవ్‌మెంట్ జాయింట్ (కదలికకు వదిలే సందు), గోడల చుట్టూ 6 మి.మీ. సందు ఉండాలి. శ్లాబ్‌లో ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఉంటే అది టైల్ పైదాకా రావాలి. గోడ పక్క సందులో గ్రౌట్ నింపేసి పైన స్కర్టింగ్ కొట్టేస్తుంటారు, మూసే ముందు మీరే స్వయంగా చూడండి.

ప్రొటెక్షన్‌కు ప్లాస్టిక్ మీద పీవోపీ పోయడం టైల్ మధ్యలో పర్వాలేదు. ఎల్‌వీటీ, కార్పెట్ అంచులకు ఒక మీటరు లోపు మాత్రం పీవోపీ వద్దు, నీళ్లు కిందికి దిగుతాయి. అక్కడ అట్ట షీటు, దాని మీద ప్లైవుడ్ చాలు. టేపు ప్లైవుడ్‌కు ప్లైవుడ్‌కు మధ్యే అంటించాలి, ఫ్లోర్‌కు కాదు.