56 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు: ఊదా అంచులు సరే, కుడి మూల మసక సంగతేంటి?

నమస్కారం. నాది ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న) సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా. అక్క కూతురి పెళ్లి కోసమని 56 ఎంఎం ఎఫ్/1.4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు కొన్నాను. ముహూర్తం అర్ధరాత్రి, మండపంలో వెలుతురు అంతంతమాత్రం.

కళ్ల మీద ఫోకస్ బ్రహ్మాండంగా పడింది, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కానీ పెద్దది చేసి చూస్తే ముందుకు చాపిన చేతి గాజుల మెరుపు చుట్టూ ఊదా గీత, వెనక దీపాల అంచుల్లో ఆకుపచ్చ. లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్/2.8కి వెళ్తే చాలావరకు పోతుంది గానీ, వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 సరిపోయే చోట 6400 పెట్టాలి. ఎడిటింగ్‌లో డీఫ్రింజ్ (అంచుల రంగు తీసేసే టూల్) వాడితే పెళ్లికూతురి వంకాయ రంగు చీర అంచు కూడా పాలిపోతోంది. చీర చెడకుండా గాజుల దగ్గర మాత్రమే ఎలా తీసేస్తారు?

ఇలా ఎక్కువ వెలుతురు తీసుకునే ఫాస్ట్ లెన్సుల్లో ఈ రంగులు మామూలేనని తెలుసు. అసలు టెన్షన్ వేరే ఉంది. గోడకు న్యూస్‌పేపర్ అతికించి, ట్రైపాడ్ మీద నుంచి తీశాను. ఎఫ్/4 దగ్గర ఎడమ పై మూలలో వత్తులు కూడా స్పష్టంగా ఉన్నాయి. కుడి పై మూల ఎఫ్/5.6లోనూ మసకే. కెమెరాను తలకిందులు చేసి తీస్తే ఆ మసక కాగితం మీద ఎడమ కింది మూలకు వచ్చింది. అంటే గోడ వంకర కాదు కదా?

షాపువాళ్లేమో అన్ని లెన్సులూ ఇంతే అంటున్నారు. ఇది డీసెంటరింగేనా (లెన్సు లోపలి అద్దం సరైన చోటు నుంచి పక్కకు జరగడం)? సర్వీసులో సరిచేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక పట్టుబట్టి వేరే పీసు తీసుకోమంటారా? మార్చుకోవడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది.