జావాకి యెజ్డీ వెనక చక్రం: వేయొచ్చా, కూడదా?

తెనాలి జావా
నాన్నగారి జావా 250, 1968 మోడలు, మైసూరు బండి. పన్నెండేళ్లు గొడ్లసావిట్లో పడుంది. ఇంజను లేచింది, పొగ కూడా బ్రహ్మాండంగా వదుల్తోంది. చిక్కంతా వెనక చక్రంతోనే. రిమ్ముని లోపల్నుంచి తుప్పు తినేసింది. పుల్లలు (స్పోకులు) దిగే చోట వేలితో నొక్కితే రేకు లోపలికి పోతోంది. 3.25-16 టైరు (16 అంగుళాల రిమ్ముకి, 3.25 అంగుళాల మందం) కోసం తెనాలి, గుంటూరు, బెజవాడ తిరిగాను. ఒక్కటంటే ఒక్కటి దొరికింది, అదీ ఎవరో అటక మీద దాచిపెట్టి మర్చిపోయింది. పాత సామాన్ల కొట్లో యెజ్డీ వెనక చక్రం ఉంది, 18 అంగుళాలది, హబ్బు (చక్రం నడిమి భాగం)తో సహా 2,200 అంటున్నాడు. వేసేస్తే పోలా అంటాడు మా మెకానిక్కు. "మీ నాన్న బండి కాళ్లు మార్చకురా" అంటాడు మా బాబాయి. ఎవరి మాట వినాలి?

రోడ్‌కింగ్ వీరుడు
వేసెయ్ తమ్ముడూ. ఆరేళ్లుగా నా జావా అలాగే తిరుగుతోంది. రెండూ ఒక తల్లి పిల్లలే, మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసినవే. నాకు ఇరుసు దూరింది, డ్రమ్ము కూర్చుంది, ఒక పక్క వాషరు మాత్రం లేతు మీద చేయించా. 18 టైరంటావా, స్ప్లెండర్ తిరిగే ఊళ్లన్నిట్లో దొరుకుతుంది. అర్ధరాత్రి పంచరైనా భయం లేదు.

లేతు మాస్టారు
అన్నదమ్ములైనంత మాత్రాన ఒకరి చెప్పులు ఒకరికి పట్టవు వీరుడు గారూ. చక్రం దూరుతుంది, కాదనను. దూరాక ఏమవుతుందో లెక్క కట్టారా?

3.25-16 టైరు అడ్డకొలత సుమారు 571 మి.మీ. 3.25-18 ది 622. ఒక చుట్టు తిరిగితే 1,795 మి.మీ. పోయే బండి ఇప్పుడు 1,955 పోతుంది. అంటే దాదాపు 9 శాతం. జావాలో మీటరు కేబులు గేరుబాక్సు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. కాబట్టి చక్రం మారిన సంగతి మీటరుకి తెలియదు. ముల్లు 50 దగ్గరుంటే మీరు 54 దాటి పోతుంటారు. టాప్ గేరు బరువెక్కుతుంది, ఎదురుగాలికి మూడుకి దిగాల్సిందే.

అసలు ఎవరూ అడగనిది బ్రేకు. బ్రేకు డ్రమ్ము, దాన్ని లోపల్నుంచి నొక్కి ఆపే షూలు అదే కొలతవైతే, పెద్దదైంది చక్రం మాత్రమే. అంతే బలంగా తొక్కినా నేల మీద బ్రేకు పట్టు 8 శాతం తగ్గుతుంది. అసలే ఆ కాలం బ్రేకులు.

వెనక భాగం అంగుళం లేస్తుంది. ముందు చక్రం 16 అలాగే ఉంటే బండి ముక్కు వంచుకుంటుంది, హ్యాండిలు తేలికైపోతుంది. ఇసుక మేట మీద తెలుస్తుంది ఆ సంగతి. డబుల్ స్టాండు వేసినా వెనక చక్రం నేలని వదలదు.

రోడ్‌కింగ్ వీరుడు
స్టాండు కాళ్లకి ముక్కలు వెల్డింగు పెట్టించా మాస్టారూ, 150 రూపాయల పని. గేరుబాక్సు దగ్గరి స్ప్రాకెట్లో (గొలుసు తిరిగే పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించా. లాగుడు తిరిగొచ్చింది, మీటరు కూడా చాలావరకు దారికొచ్చింది.

లేతు మాస్టారు
స్ప్రాకెట్టు మాట ఒప్పుకుంటా, అది తెలిసినవాడి పనే. బ్రేకుకి మాత్రం ఆ పన్ను ఏమీ చేయదు.

పాతబంగారం
మీరిద్దరూ బండిని ముక్కలుగా చూస్తున్నారండీ. 1968 బండికి యాభై ఏళ్లు నిండాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజి నిబంధనల కింద 20,000 కడితే పదేళ్లకి రిజిస్ట్రేషను, కొత్తగా నంబరు తీసుకుంటే అందులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. రేపు ఆ వింటేజి రిజిస్ట్రేషను కావాలనుకుంటే 18 చక్రం అడ్డురాదా? అదంతా వద్దు, మామూలు ఆర్సీతోనే తిరుగుతానన్నా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది.

రోడ్‌కింగ్ వీరుడు
ఆ వింటేజి రూలు మొత్తం చదవండి సార్. ఛాసిస్, బాడీ, ఇంజను అని ఉంది, చక్రం మాటే లేదు. పైగా ఆ రిజిస్ట్రేషను చేయిస్తే రోజూ తిరగనివ్వరు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి, అంతే. తమ్ముడు బండి లేపింది పొలానికి వెళ్లడానికి. అద్దాల బీరువాలో బొమ్మలా పెట్టుకోడానికి కాదు.

పాతబంగారం
చక్రం పేరు లేదు, నిజమే. ఆ మాట బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి మీరు చెబుతారా, తమ్ముణ్ణి చెప్పమంటారా?

పుల్లల బిగింపు
మా నాన్న నలభై ఏళ్లు రిమ్ములకి పుల్లలు అల్లాడు, ఇప్పుడు ఆ పుల్లలు బిగించే స్టాండు దగ్గర నేను కూర్చుంటున్నా. తెనాలి అన్నా, మీ హబ్బుకి ఏమైంది? ఎవరూ అడగలేదు. హబ్బు బాగుంటే చక్రం మొత్తం మార్చడమెందుకు? పాత రిమ్ముకి పుల్లలు ఎన్నో లెక్కపెట్టి, అన్నే రంధ్రాలున్న 16 రిమ్ము తెప్పించండి, అదే హబ్బు మీద అల్లించండి. యెజ్డీ పుల్లలు మాత్రం పెట్టనివ్వొద్దు, దాదాపు అంగుళం పొడుగు. కోసి, మర తిప్పి ఎక్కించేవాళ్లున్నారు, ఆరు నెలల్లో టక్‌టక్‌మంటూ ఒక్కొక్కటే తెగుతాయి.

అటక మీది టైరు పక్కన నాలుగంకెలు చూశారా? 2314 అని ఉంటే 2014లో 23వ వారం చేసిందని. నాలుగంకెలు కాక మూడే ఉంటే అది 2000కి ముందుది, ఊరికే ఇచ్చినా వద్దు.

తెనాలి జావా
హబ్బు బాగానే ఉందమ్మా, బేరింగులు మారిస్తే చాలన్నారు. టైరు మీద మూడంకెలే ఉన్నాయి!

లేతు మాస్టారు
ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు. అయినా యెజ్డీ చక్రం మీద మనసుంటే డబ్బులిచ్చే ముందు ఒక పని చెయ్యండి. ఒక పూట అడిగి తెచ్చుకుని బిగించండి. వెనక షాకబ్జర్ల కింది బోల్టులు రెండూ తీసేసి, చక్రాన్ని చేత్తో పైకెత్తండి, షాకబ్జరు పూర్తిగా నొక్కుకుపోతే ఎంత ఎత్తు లేస్తుందో అంత. ఇద్దరెక్కి గోతిలో పడ్డప్పుడు చక్రం దాదాపు అక్కడికి పోతుంది. టైరుకి సుద్ద పూయండి. కొత్త గొలుసు వేసి చూడండి, పాతదానితో కాదు. గొలుసు సాగేకొద్దీ చక్రం వెనక్కి జరుగుతుంది కాబట్టి పాతదానితో చూస్తే సందు ఎక్కువున్నట్టే ఉంటుంది.

తెనాలి జావా
చేశాను మాస్టారూ. మామూలుగా నిలబెడితే రెండు వేళ్లు దూరేంత సందు ఉంది, మా మెకానిక్కు మీసం తిప్పాడు. బోల్టులు తీసి ఎత్తేసరికి గర్రుమంది. మడ్‌గార్డు లోపల జానెడు పొడవున సుద్ద గీత. వీరుడన్నా, మీకు తగల్లేదా?

రోడ్‌కింగ్ వీరుడు
నావి యెజ్డీ షాకులు తమ్ముడూ, అది చెప్పడం మర్చిపోయా. మొదట్లో తగిలేది. మడ్‌గార్డు లోపలి అంచు రెండంగుళాలు కోసేశా. రంగేస్తే ఎవడికీ కనబడదు.

పాతబంగారం
చక్రం ఒక్కటే అన్నారు. తర్వాత వాషరు, స్టాండు, స్ప్రాకెట్టు, షాకులు, ఇప్పుడు మడ్‌గార్డు.

తెనాలి జావా
చక్రం కొట్టుకి వాపసిచ్చేశా. 16 రిమ్ముకి మైసూరులో ఒకాయన్ని అడిగాను, రెండు వారాలన్నాడు. బాబాయి అప్పుడే కాలరెగరేస్తున్నాడు. మెకానిక్కు మాత్రం ఒప్పుకోవట్లా, రెండంగుళాలే కదా కోద్దాం అని రోజూ ఫోను.

లేతు మాస్టారు
కోసే ముందు నాకో మాట చెప్పండి. ఆ మడ్‌గార్డు నేను కొంటా.