గడప కింద యంత్రం ఉంది, ఇప్పుడేం చేస్తారు?

పాచికరాయుడు:
పోయిన ఆదివారం మా ఆట ఒక్క మాట దగ్గర అరగంట ఆగిపోయింది. ఆ మాట 'యంత్రం'.

ముందు ఆట సంగతి చెప్పాలి. మేం నలుగురం వారం వారం కూర్చుని రోల్‌ప్లే గేమ్ ఆడతాం. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన ఆటల కుటుంబం ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని "నేనిలా చేస్తాను" అంటారు. చేయగలిగారా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. నడిపేది నేనే. గేమ్ మాస్టర్‌కి మేం సూత్రధారి అంటున్నాం, ఆ మాట మీద ఇప్పటిదాకా ఎవరూ పేచీ పెట్టలేదు.

ఇన్నాళ్లూ ఎవరో రాసిన లోకాల్లో ఆడాం. ఈసారి తెలుగులోనే ఒక లోకం రాసుకున్నాను, పేరు రాగిసీమ. అక్కడ మంత్రం ఉత్త నోటితో పలికితే పనిచేయదు, రాగిలోంచి పారాలి. అందుకని కంచరివాళ్లూ మంత్రగాళ్లూ ఒకే వీధిలో కాపురం ఉంటారు. ఒకరు చెక్కుతారు, ఒకరు పలుకుతారు. కూలి దగ్గర రోజూ గొడవే.

ఇక ఆదివారం. పాడుబడ్డ కోట. "సింహద్వారం దాటబోతుంటే గడప కింద ఏదో మెరిసింది. వంగి చూస్తే యంత్రం" అన్నాను. మెకానికల్ ఇంజినీరు మిత్రుడు వెంటనే "పళ్లచక్రాలు ఎన్నున్నాయి? సందులో ఉలి దూర్చి ఆపేస్తా" అన్నాడు. రెండోవాడు అదిరిపడి "తొక్కకండిరా! గోడ దూకి పోదాం" అన్నాడు. వాళ్ల ఇంటికి ద్వారబంధం ఎత్తేటప్పుడు గడప కింద మత్స్యయంత్రం చెక్కిన రాగిరేకు పెట్టారట, అతని కళ్లకు అదే కనబడింది. డాలస్ నుంచి వీడియోలో ఉన్న మా బాబాయి కొడుకు "యంత్రం అంటే రోబోనా అన్నయ్యా?" అన్నాడు. ముగ్గురూ నా వైపు చూశారు. నా నోట్సులోనూ 'యంత్రం' అనే ఉంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

మంత్రమూ మరా కలిసిన వస్తువుకి ఇంగ్లీషువాళ్లు మ్యాజిటెక్ అని ఒక మాట అతికించుకున్నారు. నేను మూడు అతికించి చూశాను. 'మంత్రసాంకేతికం' ప్రభుత్వ శాఖ పేరులా ఉంది. 'మాయాయంత్రం' పిల్లల పుస్తకం అట్టమీదికైతే బాగానే ఉంటుంది గానీ నీళ్లు తోడే గిలకను కూడా అలా పిలవాలంటే నవ్వొస్తుంది. 'మంత్రమర' అంటే పిండిమర గుర్తొస్తోంది. పెద్దలు దారి చూపాలి.

అల్లం టీ:
అదంతా సరే, చక్రాలు లెక్కపెట్టినాయన గెలిచాడా, గోడ దూకినాయనా?

పాచికరాయుడు:
గోడ దూకినాయన కాలు బెణికింది అండీ. ఇరవై ముఖాల పాచికలో రెండు పడింది.

తంతి మాస్టారు:
బాబూ, మీ ముగ్గురు మిత్రుల్లో ఎవరూ తప్పు చెప్పలేదు. ఆ మాట గుణమే అంత.

'యమ్' అంటే అదుపు చేయడం. నియమం, సంయమనం, నియంత, నియంత్రణ అన్నీ ఆ పిల్లలే. రథం తోలేవాణ్నీ ఏనుగు మావటినీ సంస్కృతంలో 'యంత' అంటారు. అదుపు చేసే సాధనం యంత్రం. అదుపయ్యేది గుర్రమా, నీళ్లా, గ్రహమా, దయ్యమా అన్నది ఆ మాటలో లేదు. అందుకే అది ఎక్కడికైనా వెళ్లగలిగింది. సుశ్రుతుడు వైద్యుడి చేతి పనిముట్లలో నూటొక్క యంత్రాలు చెప్పి, వాటన్నిటిలో ముఖ్యమైన యంత్రం వైద్యుడి చెయ్యే అన్నాడు. జైపూర్‌లో 27 మీటర్ల ఎత్తున నిలబడ్డ నీడగడియారం పేరు సామ్రాట్ యంత్రం. ఆ వేధశాలను జంతర్ మంతర్ అంటాం, గారడీవాడు కూడా 'జంతర్ మంతర్' అనే అంటాడు. ఒకడు సూర్యుణ్ని కొలుస్తాడు, ఒకడు టోపీలోంచి పావురాన్ని తీస్తాడు, మాట మాత్రం ఒకటే.

అసలు రుచి భోజరాజు దగ్గర ఉంది. పదకొండో శతాబ్దంలో ఆయన పేరు మీద వచ్చిన సమరాంగణ సూత్రధారం అనే వాస్తుగ్రంథంలో 31వ అధ్యాయం అచ్చంగా యంత్రాల గురించే. తమ ఇష్టం వచ్చిన దారిన పోయే భూతాలను అదుపు చేసి మన దారిన నడిపేది యంత్రం అని అందులో నిర్వచనం. ఆయన ఉద్దేశం పంచభూతాలు: నీరు, నిప్పు, గాలి వగైరా. మనకు భూతం అంటే వేపచెట్టు మీద ఉండేది కూడానూ. ఆ వాక్యాన్ని ఇంజినీరు చదివితే పంపుసెట్టు, భూతవైద్యుడు చదివితే రక్షరేకు. అక్షరం మార్చనక్కర్లేదు.

ఇంకొకటి చూడండి. గీత, పద్దెనిమిదో అధ్యాయం, 61వ శ్లోకం:

ఈశ్వరః సర్వభూతానాం హృద్దేశేఽర్జున తిష్ఠతి
భ్రామయన్ సర్వభూతాని యంత్రారూఢాని మాయయా

ఇక్కడ భూతాలంటే ప్రాణులు. ఈశ్వరుడు అందరి గుండెల్లో ఉండి, యంత్రం మీద ఎక్కించినవాళ్లను తిప్పినట్టు మాయతో తిప్పుతున్నాడని. శంకరులు భాష్యంలో చెక్కబొమ్మలతో పోల్చారు. ఆఖరి పాదంలో ఉన్నవి రెండే మాటలు, ఒకటి యంత్రం, రెండోది మాయ. మీరు కొత్తగా కలపడానికేముంది?

బెంగళూరు బావ:
మాస్టారూ, నమస్కారం. 2004లో వచ్చిన ఎబెరాన్ అనే ఆట లోకం ఉంది, మంత్రాన్ని పరిశ్రమలా వాడుకునే లోకాల్లో బాగా పేరున్నది. అందులో గాలి ఓడలుంటాయి. ఓడ చుట్టూ ఒక పెద్ద వలయం, అందులో అగ్నిభూతాన్నో వాయుభూతాన్నో బంధించి ఉంచుతారు, ఆ బలంతో ఓడ ఎగురుతుంది. మీరు చెప్పిన భోజుడి నిర్వచనానికి బొమ్మ గీసినట్టే ఉంది!

రాగి సంగతి ఒకటి చెప్పాలి. నేను సర్క్యూట్ బోర్డుల పనిలో ఉన్నాను. బోర్డు మీద మామూలుగా వేసే రాగిరేకు 35 మైక్రాన్ల మందం. దాని మీద గీతలు, చుక్కలు, మూలల్లో అక్షరాలు. మా అమ్మమ్మ మెడలో తాయెత్తు ఉండేది, గొట్టం విప్పితే లోపల రాగిరేకు, దాని మీద గీతలు, చుక్కలు, మూలల్లో అక్షరాలు. మొదటిసారి ఫ్యాక్టరీలో బోర్డు చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. గీత తెగితే రెండూ పనికిరావు.

అన్నట్టు ఇక్కడ కన్నడంవాళ్లు టెక్నాలజీని 'తంత్రజ్ఞాన' అంటారు. వచ్చిన కొత్తలో కాలేజీ బోర్డు మీద ఆ మాట చూసి ఇక్కడ క్షుద్రపూజలు నేర్పుతారా అనుకున్నాను. మనమేమో 'సంకేతం' లోంచి సాంకేతికం తీసుకుని, తంత్రాన్ని మంత్రగాడికీ కుతంత్రానికీ వదిలేశాం.

తంతి మాస్టారు:
తంత్రానికి అన్యాయం చేయకండి బావగారూ. అది మొదట మగ్గం, మగ్గం మీది పడుగు. తంతువు, తంత్రి దాని చుట్టాలే. ఆ తంత్రిలోంచే మన తంతి. నేను ముప్పై ఏళ్లు తంతి, అంటే టెలిగ్రాం, ఆఫీసులో టక్కుటక్కుమనిపించినవాణ్ని. 2013 జూలైలో దేశం మొత్తం మీద ఆ సేవ ఆపేసినప్పుడు మా మనవడు "తాతయ్యా, తంతి అంటే ఎవరు తంతారు?" అని అడిగాడు.

మరచెంబు:
చర్చ బాగుంది గానీ ఆయన కష్టం తీరలేదు. యంత్రం అంటే రెండూ అని మాస్టారు తేల్చారు. ఆట ఆగిపోయిందే అందువల్ల కదా! మాటకు వెడల్పు ఎక్కువైతే ఆటగాడికి టెన్షన్.

నా సలహా: పళ్లచక్రాలూ గిలకలూ ఉన్నదాన్ని 'మర' అనండి. పిండిమర, మరమగ్గం, మరమనిషి, అన్నీ చేత్తో తాకగలిగినవి. నా పేరులో ఉన్న మర వేరే, అది మూత తిప్పి బిగించే చుట్టు, అయినా అదీ లోహం పనే. మర అన్న చోట ఎవరికీ దయ్యం గుర్తురాదు. యంత్రాన్ని మంత్రగాళ్లకు వదిలేయండి.

పాచికరాయుడు:
మర నచ్చిందండీ, రాగిసీమ రైతులు అలాగే అంటారు. కానీ యంత్రాన్ని పూర్తిగా మంత్రగాళ్లకు వదిలేస్తే మా ఇంజినీరు ఊరుకోడు. "యంత్రం అనగానే నాకు లేతు మిషనే కనబడుతుంది, నువ్వు చెప్పావని కళ్లు మార్చుకోలేను" అన్నాడు. అతని మాటలోనూ న్యాయముంది, బడిలో మనం చదివిన సరళ యంత్రాలు తులాదండాలూ కప్పీలే గానీ బీజాక్షరాలు కాదు.

అల్లం టీ:
నేను భాష చదువుకున్నదాన్ని కాదు, వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. ప్రకృతి వికృతుల్లో యంత్రానికి 'జంత్రం' అని చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా? యముడు జముడు, యజ్ఞం జన్నం, యాత్ర జాతర. ఆ జంత్రం ఇప్పుడు ఖాళీగానే ఉంది, ఎవరూ వాడటం లేదు. దాన్ని తీసుకోండి. ఇంజినీరుకి యంత్రం, రైతుకి మర, మీ రాగిరేకుల వస్తువుకి జంత్రం.

(జంతికలకూ జంత్రానికీ చుట్టరికం ఏమిటని మాత్రం నన్నడగకండి, పొయ్యి మీద నూనె కాగుతోంది.)

తంతి మాస్టారు:
అమ్మా, వికృతి అంటే రూపం మారడం. అర్థం మారాలని లేదు. జంత్రం అన్నా యంత్రమే.

అల్లం టీ:
మరి యాత్ర, జాతర? కాశీకి వెళ్తే యాత్ర. మా ఊళ్లో అమ్మవారి దగ్గర చెరుకుగడలు కొనుక్కుని రంగులరాట్నం ఎక్కితే జాతర. కాశీ జాతర అని మా అత్తగారితో అనమనండి చూద్దాం!

తంతి మాస్టారు:
ఓడిపోయాను. జంత్రం పుచ్చుకోవచ్చు.

పాచికరాయుడు:
అల్లం టీ గారూ, మీకు రాగిసీమలో ఒక ఊరు రాసిచ్చాను.

ఇంకో సందేహం. ప్రతి జంత్రానికీ ఒక పట్టీ రాయాలి: ఏం చేస్తుంది, ఎంత బలం, ఎలా ఆపాలి. విష్ణు సహస్రనామం పూర్వభాగంలో ఇతి బీజం, ఇతి శక్తిః, ఇతి కీలకం, ఇత్యస్త్రం, ఇతి కవచం అని వరసగా వస్తాయి కదా. రోజూ ఉదయం మా అమ్మ చదువుతుంటే వింటూనే ఉన్నాను, ఈ వారమే చెవికెక్కింది. ఆటగాడి కాగితం మీద గడులు కూడా అవే! అవి వాడుకుంటే ఎవరైనా నొచ్చుకుంటారా?

మరచెంబు:
గడుల పేర్లు వాడుకోండి, స్తోత్రం పంక్తులు ఆటలోకి లాగకండి. పాచికలో రెండు పడి మంత్రం వికటించింది అనే చోట నిజమైన శ్లోకం ఉంటే నాకైతే బాగుండదు.

తంతి మాస్టారు:
నాదీ అదే మాట. 'కీలకం' వదులుకోవద్దు. కీలం అంటే మేకు, గడియ. మంత్రశాస్త్రంలో కీలకం తెలియకపోతే మంత్రం బిగుసుకుపోయి ఉంటుందంటారు. మన కీలు, కీలుబొమ్మ, కీలుగుర్రం అటునుంచి వచ్చినవే. కీలెరిగి వాత పెట్టమన్నారు.

పాచికరాయుడు:
ఈ ఆదివారం మళ్లీ అదే కోట, అదే గడప. "వంగి చూస్తే జంత్రం" అన్నాను. గోడ దూకినాయన కాలికి కట్టుతో వెనకాలే నిలబడ్డాడు. డాలస్ తమ్ముడు జంత్రం అంటే ఏమిటని అడగలేదు, చేతిలో ఉన్న చిప్స్ పక్కన పెట్టాడు. ఇంజినీరు కాసేపు ఆలోచించి ఉలి తిరిగి సంచిలో వేసుకుని, "దీని కీలకం ఎక్కడుంది?" అన్నాడు.

మేకు గురించి అడిగాడో మంత్రం గురించి అడిగాడో నేను రెట్టించలేదు. పాచిక వేయమన్నాను.